అమ్మమ్మ నోట గొరిల్లా

పాపకి మూడో నెల నడుస్తుండగా పోస్టుడబ్బాలో దాని పేరు మీద ఒక పుస్తకం వచ్చింది. లేబుల్ మీద నా పేరూ లేదు, మా ఆయన పేరూ లేదు. ఇంటిపేరుతో సహా దాని పేరే. మేముండేది టెన్నెసీలోని నాష్‌విల్‌లో. గాయని డాలీ పార్టన్ 1995లో తను పుట్టి పెరిగిన సెవియర్ కౌంటీ పిల్లలకి ఇలా పుస్తకాలు పంపే ఏర్పాటు మొదలుపెట్టింది. 2004 నుంచి టెన్నెసీ రాష్ట్రమంతా ఉంది. పేరు నమోదు చేయిస్తే చాలు, ఐదేళ్ళు వచ్చేదాకా నెలకో పుస్తకం ఇంటికొస్తుంది, పైసా కట్టక్కర్లేదు. డాలీ వాళ్ళ నాన్నకి చదవడం రాయడం రాదట, ఆయన్ని తలుచుకునే ఈ పని మొదలుపెట్టానని ఆవిడ చెప్పింది. మా తాతయ్యదీ వేలిముద్రే. ఆ లేబుల్‌ని నేనింకా చింపలేదు.

పుస్తకాలు వస్తున్నాయి, ఏది ఎలా చదవాలో మాత్రం నాకు తెలియలేదు. మొదట్లో చాలా తప్పులు చేశాను. మీట నొక్కితే పాట వచ్చే పుస్తకం ఒకటి ఖరీదు పెట్టి కొన్నాను. పాప మీటే నొక్కేది, పేజీ తిప్పనిచ్చేది కాదు, నా గొంతు దానికి వినపడేదే కాదు. ఇంకోసారి అక్షరాల పుస్తకం తెచ్చాను, నాలుగు నెలల పిల్లకి! పుట్టిన కొత్తలో బిడ్డకి జానెడు దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది, నలుపూ తెలుపూ బొమ్మలైతే కళ్ళు నిలుపుతుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే మన మొహం ఉండేదీ అంత దూరంలోనే. ఇది తెలిశాక అక్షరాలు పక్కన పెట్టేశాను.

ఆరో నెల చెకప్‌లో డాక్టరమ్మ స్టెతస్కోపు తియ్యకముందే పాప చేతికి ఒక అట్టపుస్తకం ఇచ్చింది. అది రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకుంది. నేను లాక్కోబోతే ఆవిడ వద్దంది. ఎలా పట్టుకుంటోంది, ఎటు చూస్తోంది అని ఆవిడ గమనిస్తోందని తర్వాత అర్థమైంది. ఏడాదిలోపు పిల్లలకి కొంటే దళసరి అట్టవే కొనండి, నమిలినా తుడిస్తే పోతుంది.

అసలు పాఠం నాకు మా అమ్మ దగ్గర దొరికింది. పాపకి ఏడాదిన్నర ఉన్నప్పుడు కాకినాడ నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చింది. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, అంతే. అంత్యప్రాసలతో గలగలలాడే ఇంగ్లీషు పుస్తకాలు నేను మురిసిపోయి కొన్నవన్నీ ఆమె ముందు మూగబోయాయి. ఆ ప్రాసని తెలుగులోకి లాగితే మిగిలేది ఎముకలే. వాటిని పక్కకి జరిపి, లైబ్రరీ నుంచి తెచ్చిన కుప్పలోంచి అమ్మ తీసిన పుస్తకం ‘గుడ్ నైట్, గొరిల్లా’. పెగ్గీ రాత్‌మన్ 1994లో వేసింది. అందులో మాటలు దాదాపు లేవు, కథంతా బొమ్మల్లోనే ఉంది. జూ కాపలాదారు జంతువులన్నిటికీ పడుకోమని చెప్పుకుంటూ పోతుంటాడు. వెనకాలే గొరిల్లా అతని తాళాలు కాజేసి ఒక్కో బోనూ తెరుచుకుంటూ వస్తుంది. తాళంచెవి ఏ రంగుదో బోను ఆ రంగుదే.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టింది. “బజ్జో ఏనుగమ్మా... బజ్జో సింహం బాబూ...” హైనా బొమ్మ రాగానే “ఇదుగో దుమ్ములగొండి” అంది. నేను ఆ మాట విని పాతికేళ్ళయుంటుంది. ఆర్మడిల్లోని చూసి అలుగు అంది. అలుగు వేరని నాకు తెలుసు, అయినా దిద్దలేదు. ఇంకాస్త ముందుకెళ్తే ఒక పేజీ నిండా చీకటి, ఆ తర్వాత ఆ చీకట్లో కాపలాదారు ఇల్లాలి కళ్ళు రెండూ ఇంతింత. అక్కడ అమ్మ గొంతు తగ్గించి ఊరుకునేది. పాప కూడా ఊపిరి బిగబట్టేది. ఇదంతా జరుగుతుండగా ఒక చిన్న ఎలుక అరటిపండుని తాడుకి కట్టి లాక్కుంటూ పేజీ పేజీకీ వస్తుంటుంది. నేను అప్పటికి నాలుగుసార్లు చదివినా దాన్ని చూడలేదు. మొదట వేలు పెట్టి చూపించింది పాపే.

అప్పట్నుంచి పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను చూసేది ఒక్కటే, దీన్ని మా భాషలో చెప్పడానికి చోటుందా అని. ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకంలో బోలెడు చోటుంది. 1969 నాటిది. పురుగు తిన్నచోటల్లా పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది, పాప వేలు అందులో సరిగ్గా పడుతుంది. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు. వారాలూ అంకెలూ తెలుగులో ఇట్టే పలుకుతాయి. శనివారం తిన్నవాటిలో ఊరబెట్టిన దోసకాయ ఒకటుంది. అమ్మ దాన్ని ఆవకాయ చేసేసింది. “అందుకే పాపం దానికి కడుపునొప్పి, అమ్మడూ” అని కారణం కూడా చెప్పింది.

తెలుగు పుస్తకాల విషయంలో నాకొక బాధ ఉంది. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు పన్నెండు కొనుక్కొచ్చాను. కాగితం పలచన, వారంలో సగం చిరిగాయి. రెండేళ్ళ పిల్లకి “పలికెను”, “పిమ్మట” అని చదవాలి, ఆఖర్న నీతి ఒకటి. బొమ్మేమో మూలకి నక్కి ఉంది. మన దగ్గర మంచివి లేక కాదు. చెన్నై తూలిక వాళ్ళవి తెలుగూ ఇంగ్లీషూ ఒకే పేజీలో ఉంటాయి. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మా ఆయన వాటితోనే తెలుగు చదవడం మళ్ళీ పట్టుకున్నాడు. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. మొదటి మెట్టువి పేజీకి ఒకటి రెండు వాక్యాలే. దళసరి కాగితం మీద ప్రింటు తీసి దారంతో కుట్టాను. పాప వాటిని “అమ్మ బుక్కులు” అంటుంది.

అమ్మ వెళ్ళేటప్పుడు గొరిల్లా పుస్తకం రెండు కాపీలు కొని ఒకటి ఆమె పెట్టెలో పెట్టాను. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ తెల్లారుతుంది. అమ్మ కాఫీ పక్కన పెట్టుకుని వీడియోలో పుస్తకం తెరుస్తుంది, ఇక్కడ పాప తన పుస్తకం తెరుస్తుంది. మొన్న అమ్మ రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినట్టుంది.

“అమ్మమ్మా, ఆగు” అంది పాప. “నా ఎలుక ఇంకా ఇక్కడే ఉంది.”