పేపర్ చదవడం ఎవరు నేర్పుతారు? (భాగం 9)

ఎంటెక్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో ఒకే మాట రాస్తున్నారు. "అన్నా, కోడ్ రాయగలం, పరీక్ష రాయగలం. రీసెర్చ్ పేపర్ ముందు పెడితే ఏం చేయాలో తెలియట్లేదు."

ఇది తెలివికి సంబంధించిన సమస్య కాదు. ప్రొఫెసర్ల ఇళ్లలో పిల్లలకు ఇది అన్నం దగ్గరే తెలిసిపోతుంది. మా ఇంట్లో పేపరంటే టీకొట్టులో చదివేదే. రీసెర్చ్ మెథడ్స్ క్లాసు కూడా ఇవన్నీ మనకు ముందే తెలుసన్నట్టు మొదలవుతుంది. అందుకే నేను నేర్చుకున్నవి మూడు రాస్తున్నా.

ఒకటి, చదవడం. పేపర్‌ను మొదటి లైను నుంచి చివరి దాకా ఒకే ఊపులో చదవక్కర్లేదు. ఎస్. కేశవ్ అనే కంప్యూటర్ సైంటిస్టు 2007లో దీనిమీదే రెండు పేజీలు రాశారు. మూడు విడతలుగా చదవమన్నారు. మొదట ఐదు పది నిమిషాలు శీర్షిక, సారాంశం, ఉపోద్ఘాతం, ముగింపు. తర్వాత ఓ గంట బొమ్మలు, గ్రాఫులు, ముఖ్యమైన వాదన. మూడోసారి, ఆ పని మనమే చేస్తున్నట్టు మొత్తం తిరిగి కట్టి చూడటం. దీనికి కొత్తవాళ్లకు నాలుగైదు గంటలు పడుతుందని ఆయనే చెప్పారు. కాబట్టి ఒక్క పేపర్‌కు సాయంత్రమంతా పట్టిందని సిగ్గుపడకండి.

రెండు, లిటరేచర్ సర్వే. పాతిక పేపర్ల పేర్లు వరసగా పేర్చితే సర్వే కాదు. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో బాబాసాహెబ్ కులం మీద పేపర్ చదివారు. అప్పుడాయనకు 25 ఏళ్లు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ ఇచ్చిన నిర్వచనాలు ముందుపెట్టి, ఏది ఎక్కడ సరిపోలేదో చూపించి, ఆ తర్వాతే తన వాదన పెట్టారు: కులాన్ని నిలబెట్టేది కులంలోపలి పెళ్లి అని. వాళ్లేమన్నారు, ఎక్కడ ఆగారు, నేనెక్కణ్ణుంచి మొదలుపెడతాను. సర్వే అంటే ఇదే.

మూడు, కొలత. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. అప్పటిదాకా వాడుతున్న డేటాసెట్లలో ఎక్కువ ముఖాలు తెల్లవే. అందుకని వాళ్లే ఆరు దేశాల పార్లమెంటు సభ్యుల ఫోటోలతో కొత్తది తయారుచేశారు. తెల్లచర్మం మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లచర్మం ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా వెళ్లాయి. సగటు ఒక్కటే చూసినవాళ్లకు ఇది కనపడదు.

నా వైవాలో ఒక పెద్దమనిషి నా ప్రయోగం గురించి ఒక్క ప్రశ్నా వేయకుండా గేట్ ర్యాంకు ఎంతని అడిగాడు. మెరిట్ అంటే ఆయనకు అదొక్క అంకె. ఎవరిని కొలిచారు? కోచింగ్, ఇంగ్లిష్, ఇంట్లో కంప్యూటర్ ఉండటం, వీటిని లెక్కలోకి తీసుకున్నారా? బేస్‌లైన్ ఏది? ఈ ప్రశ్నలకు జవాబు లేని పేపర్‌ను ఏ రివ్యూయరైనా తిప్పి పంపిస్తాడు. అదే పద్ధతితో మనుషుల్ని మాత్రం ఏళ్ల తరబడి తిప్పి పంపిస్తున్నారు.

అందుకే ఈ సబ్జెక్టును రెండు క్రెడిట్ల కోసం చదవకండి. ఆర్కైవ్‌లో పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. ఆదివారం నలుగురు హాస్టల్ గదిలో కూర్చోండి. వారానికి ఒక్క పేపర్. తెలుగులో ఒకరికొకరు చెప్పుకోండి. చెప్పలేక ఆగిన చోటే మళ్లీ చదవాల్సిన చోటు.

జై భీమ్.