పాత పటములు

తిరువూరులో మేము పాత దేశపటములను కూర్చుచుండగా ఇంటివారు "ఈ చిరుగుకాగితము లెందులకు?" అని నవ్వుదురు. ఫ్రెంచి పండితుడు దాన్‌విల్ మన దేశమునకు రాకయే, పారిసునందు కూర్చుండి, 1752లో హిందూదేశపటమును రచించెను. రెన్నెల్ దొర 1782లో ప్రకటించిన పటముపై బ్రాహ్మణులు బ్రిటానియాదేవికి శాస్త్రగ్రంథముల నర్పించుచున్నట్లు చిత్రము గలదు. పటము వెనుక రాజ్యకాంక్ష యుండెననుటకు వేఱు సాక్ష్య మేల?

మొన్న మా అమ్మాయి ఈ పటములు చూచి "బందరున్నది గాని, మన చెరువేది?" అని అడిగినది. మేము నిరుత్తరుల మైతిమి. చదువెఱుగని మా తల్లిగారు మాత్రము చెరువులను, వాగులను, డొంకలను పేరుపేరున చెప్పగా, ఆ బాలిక కాగితముపై గీచినది. ఇన్నాళ్లు ఆమెను అడుగకపోవుట మా తప్పు. మేము కూర్చినవానిలో ఉత్తమమైనది ఆ పటమే. చదువరులారా, మీ యింటి పెద్దలుండగానే అడిగి వ్రాసికొనుడు.