పరకాలలో కూర్మయ్య

హనుమకొండలో బస్సెక్కి ములుగు దారిన పోతే గూడెప్పాడు వస్తుంది. అక్కడ ఎడమ చేతికి తిరిగి, పత్తి చేలూ మిరప తోటలూ చూసుకుంటూ కూర్చుంటే పరకాల వచ్చేస్తుంది. గంట ప్రయాణం. ఊరు 2016 లో వరంగల్ రూరల్ జిల్లాలోకి పోయింది, 2021 లో హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారాయి గాని ఊరు మాత్రం తాబేలులాగా ఉన్నచోటనే ఉన్నది. తాబేలు పోలిక ఊరికే తేలేదు. కిందటి ఏడు శ్రావణంలో నేను పరకాల వెళ్ళింది ఒక తాబేలు కోసమే.

మా పెద్దక్కను ఆ ఊరే ఇచ్చారు. వాళ్ళది పాతకాలపు భవంతి ఇల్లు. గూనపెంకల కప్పు, నాలుగు వైపులా సాయబాన్లు, నడుమ ఆకాశం కనిపించే గచ్చు, ఆ గచ్చులో తులసి గద్దె. బావగారి తండ్రి 1986 లో శ్రీశైలం యాత్రకు వెళ్ళి, దారిలో ఎవరో కుర్రవాడు అమ్ముతూంటే ఒక తాబేలును కొని సంచిలో వేసుకొచ్చారు. నల్లని డిప్ప మీద పసుపుపచ్చని చుక్కల నుంచి కిరణాలు చిమ్మినట్టుండే నక్షత్ర తాబేలు. ఇంట్లో తాబేలుంటే సంపద నిలుస్తుందని ఆయన నమ్మకం. కూర్మయ్య అని పేరు పెట్టారు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. కూర్మయ్య మాత్రం అత్తమ్మగారికి ఆయన వదిలిపోయిన మనిషిలాగానే మిగిలాడు.

మూడేళ్ళ క్రితం భవంతి పడగొట్టి రెండంతస్తుల స్లాబు ఇల్లు కట్టారు. నున్నని టైల్సు, అద్దాల కిటికీలు, మెట్ల కింద చిన్న గది. కూర్మయ్య మకాం ఆ గదిలోకి మారింది.

"తమ్మీ, కూర్మయ్య నాలుగొద్దుల నుంచి ముద్ద ముడతలేడు. అత్తమ్మ గూడ సరిగ తింటలేదు. ఒక్కసారి వచ్చిపో" అని అక్క ఫోను చేసింది. నేను చెప్పేది తెలుగు పాఠం. తాబేలుకు కమఠమనీ, కచ్ఛపమనీ, తామేలనీ పర్యాయపదాలు చెప్పగలనే గాని, దాని జబ్బుకు మందు చెప్పలేను. ఆ మాటే అన్నాను. "నువ్వు అన్నీ చదువుతవు గద" అన్నది అక్క. ఇక వెళ్ళక తప్పలేదు.

వెళ్ళేసరికి మా మేనల్లుడు అప్పటికే వైద్యం మొదలుపెట్టాడు. పెద్ద చేపల తొట్టి ఒకటి కొన్నాడు. దాని మీద ఒక వేడి బల్బు, ఒక పొడుగాటి ట్యూబు. "మామా, గిది యు.వి.బి. ట్యూబు. ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. ఎండలెక్కనే పని చేస్తదట" అన్నాడు. అత్తమ్మగారు తలుపు దగ్గర కూర్చొని, "ఎండను గూడ కొనుక్కునే కాలం వచ్చెగద కొడుకా!" అన్నారు నాతో.

తొట్టిలో కూర్మయ్య అద్దానికి తల ఆనించి ఒకటే గోకుతున్నాడు. అవతల గది కనిపిస్తున్నది, పోదామంటే దారి లేదు. ముక్కు కొన పెరిగి వంకర తిరిగింది. కాళ్ళు నాలుగు దిక్కులకు జారిపోతున్నాయి. పక్కన గిన్నెలో పాలు కలిపిన అన్నం.

నా దగ్గర చదువుకొని తర్వాత పశువైద్యం వైపు వెళ్ళిన శిష్యుడొకడున్నాడు. ఫోనులోనే బొమ్మలు చూపించాను. అతడు మొదట అన్నమాట వైద్యం కాదు. "సార్, ముందు అటవీశాఖవాళ్ళకు తెలియజేయండి. అది ఇంట్లో ఉండకూడదు" అన్నాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉన్నదే. 2022 లో దాన్ని సవరించినప్పుడు నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. దేశాల మధ్య దీని వ్యాపారాన్ని 2019 లోనే నిషేధించారు. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో, అందంగా ఉంటుందన్న మోజుతో సంచుల్లో కుక్కి దేశాలు దాటించడమే దీనికి కారణం. మా బావగారి తండ్రి సంచి గుర్తుకు వచ్చి నాకు కొంచెం సిగ్గేసింది.

అటవీశాఖకు ఫోను చేశాం. వివరాలు రాసుకొని, వచ్చి తీసుకుపోతామన్నారు. అంతవరకు ప్రాణం నిలపవలసిన బాధ్యత మాది. ఎట్లా నిలపాలో శిష్యుడు చెప్పాడు. ఇంట్లో ఎంతో తర్కం జరిగిన విషయం గనుక కొంచెం వివరంగా రాస్తాను.

తాబేలు ఒంట్లో మనలాగా వేడి పుట్టదు. బయటి వేడిని తీసుకొని బతకాలి. వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది. ఎక్కువైతే నీడకు పోవాలి. అందుచేత ఉండే చోటంతా ఒకే వేడిగా ఉండకూడదు. అల్లుడు బల్బును తొట్టికి సరిగ్గా నడిమధ్య వేలాడదీశాడు. ఎటు పోయినా ఒకటే సెగ. రెండవది ఎండలోని ఒక కిరణం. కంటికి కనిపించదు. దాని అల 290 నుంచి 320 నానోమీటర్ల పొడవుంటుందట. అది ఒంటికి తగిలితేనే డి విటమిను తయారవుతుంది. డి విటమిను ఉంటేనే తిన్న సున్నం ఎముకకూ డిప్పకూ పడుతుంది. మనుషుల పిల్లలకూ ఇంతే. 1919 లో బెర్లినులో హుల్ద్‌షిన్‌స్కీ అనే వైద్యుడు కాళ్ళు వంకర పోయిన పిల్లలను పాదరసపు దీపం ముందు ఉంచి బాగుచేశాడు. అల్లుడి ట్యూబు ఆ దీపానికి మనవరాలనుకోవచ్చు.

"కిటికీల నుంచి ఎండ పడుతది గద తమ్మీ, చాలదా?" అని అక్క అడిగింది. చాలదు. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, ఆ కిరణాన్ని మాత్రం పట్టేస్తుంది. మూడేళ్ళుగా కూర్మయ్య మీద పడింది వట్టి వెలుగే. అల్లుడు కూడా ట్యూబు పగులుతుందేమోనని దానికి ప్లాస్టిక్ మూత బిగించాడు. ఆ మూతా చేసేది అదే పని. కొన్నదంతా మూతలోనే మిగిలిపోయిందన్నమాట! ఇంకొక తిరకాసు ఉన్నది. ఆ ట్యూబు ఏళ్ళ తరబడి వెలుగుతూనే ఉంటుంది గాని, అసలు కిరణం నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. వెలుగుతున్నది కదా అని ఊరుకోకుండా ఏడాదికైనా మార్చవలసిందే.

తొట్టిని పక్కకు నెట్టాం. పడగొట్టిన భవంతి తలుపు చెక్కలు వెనక షెడ్డులో ఉంటే వడ్రంగిని పిలిచి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పెట్టె చేయించాం. గోడ అవతల ఏమీ కనిపించకపోతే తాబేలు గోక్కోదు. పైన మూత లేదు, గాలి ఆడాలి. అడుగున ఎరువు కలపని తోటమట్టి 4 అంగుళాల మందం పోసి, ఒక చివర కొంచెం తడిపాం. నున్నని టైల్సు మీద కాళ్ళకు పట్టు దొరకదు, కీళ్ళు చెడిపోతాయి. బల్బూ ట్యూబూ ఒక మూలకే. ట్యూబు ఎంత ఎత్తున ఉండాలో దాని డబ్బా మీదే రాసి ఉంటుంది, అల్లుడు చదవలేదు. డిప్ప ఎత్తున థర్మామీటరు పెట్టి చూస్తే దీపం కింద 33 డిగ్రీలు, అవతలి మూల 26. ఆ చల్లని మూలలో పగిలిన కుండను సగం బోర్లించాం, దాక్కోవడానికి. నీళ్ళకు ఒక లోతులేని మట్టి మూకుడు. దీపాలు పగలు 12 గంటలు, రాత్రి చీకటి.

పాలన్నం తీసేశాం. ఆకు తినే జీవికి అది అరగదు. గరిక, మందారాకు, మందార పూలు, మునగాకు. పాలకూర పెడదామన్నది అక్క, కాని అందులోని పులుపు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదట, రోజూ పనికిరాదు. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు ముక్క తెచ్చి పక్కన వేశాం. కొరుక్కుంటే సున్నం.

ఇదంతా అత్తమ్మగారు మాట్లాడకుండా చూస్తున్నారు. చివరకు ఒక్క మాట అన్నారు. "గింత తిప్పల దేనికి కొడుకా? పాత ఇంట్ల గివన్ని ఉండెగద."

నేను చేతిలో మట్టితో అట్లాగే నిలబడిపోయాను. నిజమే. గచ్చులో పొద్దున పడమటి అంచున ఎండ పడేది, సాయంత్రానికి తూర్పుకు జరిగేది. కూర్మయ్య దాని వెంట నడిచేవాడు. వేడెక్కితే సాయబాను నీడ. తులసి గద్దె చుట్టూ తడిమట్టి, గచ్చు పగుళ్ళలో గరిక, గోడవారన మందార చెట్టు. ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ ఏ డబ్బా మీది రాతా చదవకుండానే అన్నీ జరిగిపోయాయి. పెట్టిన అన్నం ఏం తినేవాడో గాని, అతని కడుపు నింపింది ఆ గరికే అయి ఉండాలి. మేము రెండు రోజులు కష్టపడి చెక్కపెట్టెలో కట్టింది ఆ గచ్చునే, అరచేయంత చేసి.

శిష్యుడు ఆదివారం స్వయంగా వచ్చి, పెరిగిన ముక్కును అరగదీశాడు. తాబేలును తిప్పి చూసి నవ్వాడు. అడుగు డిప్ప చదునుగా ఉన్నది, తోక పొట్టిది. "సార్, ఇది ఆడది!" ఇటువంటిది ఇంగ్లండులోనూ జరిగింది. సెల్‌బోర్న్ గ్రామచరిత్ర రాసిన గిల్బర్ట్ వైట్ అనే మతగురువు తన తోటలో తిమోతి అనే తాబేలును పెంచుకున్నాడు. అది మగది కాదని అది చచ్చిన తర్వాతనే తెలిసింది. అత్తమ్మగారు మాత్రం తడుముకోలేదు. "అయితేంది, కూర్మక్క అంటా" అన్నారు.

అటవీశాఖవారి కోసం ఎదురుచూస్తూ ఒక సాయంత్రం ముసురు తగ్గినప్పుడు అల్లుడితో అమరధామం చూసివచ్చాను. 1947 సెప్టెంబరు 2 న మూడు రంగుల జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద నిజాం పోలీసులూ రజాకార్లూ కాల్పులు జరిపిన ఊరు ఇది. 22 మంది ప్రాణాలు పోయాయి. ఆ స్మారకం 2003 లో వెలిసింది. కాల్పుల దృశ్యం శిల్పాలుగా నిలిచి ఉంటుంది. అత్తమ్మగారి పుట్టిల్లూ పరకాలే. ఆనాడు ఏడేళ్ళ పిల్ల. తల్లి ఆమెను ధాన్యపు గుమ్మి వెనక దాచి, పొద్దుగూకేదాకా కదలవద్దన్నదట. "కూర్మయ్య లెక్కనే ముడుచుకొని కూసున్న" అని చెప్పారు, ఆ రాత్రి పెట్టె పక్కన పీట వేసుకొని.

అల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. ఎవరికో ఇవ్వడం దేనికి, పాకాల అడవిలో వదిలేద్దామని. శిష్యుడు ఒప్పుకోలేదు. ఇంట్లో పెరిగిన తాబేలు అడవిలో బతకలేకపోవచ్చు, మోసుకుపోయిన రోగం అక్కడివాటికి అంటవచ్చు. ఇంట్లోనే దాచుకుందామన్న ఆలోచన కూడా ఎవరో ఒకరి మనసులో లేకపోలేదు. అప్పుడు నేను హైదరాబాదు సంగతి చెప్పాను. 1963 లో బాగే ఆం నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు తరలించిన గాలపాగోస్ తాబేలు ఒకటి 2024 మార్చిలో చనిపోయింది, వయసు 125 ఏళ్ళు. కూర్మక్కది అంత ఆయుష్షు కాకపోవచ్చు గాని, మనం పోయాక కూడా ఉండగల జీవి. ట్యూబు ఏటేటా ఎవరు మారుస్తారు? అల్లుడు ఉద్యోగానికి పూనా పోతాడు. అక్కకు మోకాళ్ళ నొప్పులు.

ఎవరూ జవాబు చెప్పలేదు.

తొమ్మిదవ రోజు జీపు వచ్చింది. అప్పటికి కూర్మక్క పొద్దున్నే దీపం మూలకు తానే నడిచిపోయి మెడ చాచుకొని పడుకుంటున్నది. మందార పూవు పెడితే ముందు దాన్నే తింటున్నది. వచ్చినవారు కాగితం మీద సంతకం తీసుకొని, ముందు కొన్నాళ్ళు వేరుగా ఉంచి పరీక్షలు చేయిస్తామన్నారు. అత్తమ్మగారు డిప్ప మీద చేయి వేసి కొంచెంసేపు ఉంచారు. "ఆయన తెచ్చిన సంచి గూడ ఉన్నది, తీసుకపోతరా?" అని అడిగారు. వద్దన్నారు. గంపలో గరిక పరిచి తీసుకుపోయారు.

మొన్న దసరాకు మళ్ళీ పరకాల వెళ్ళాను. ట్యూబు అటక మీదికి చేరింది. చెక్కపెట్టెను డాబా మీదికి ఎక్కించి కొత్తిమీర చల్లారు, బాగానే మొలిచింది. బయలుదేరుతుంటే అత్తమ్మగారు వాకిలి దాకా వచ్చి, "హంటర్ రోడ్డు జూ మీ ఇంటికి దగ్గరేనట గద కొడుకా. కూర్మక్క అక్కడున్నదో, ఇంకెక్కడున్నదో అడుగు. ఉన్నచోట పొద్దున ఎండ పడుతదో లేదో చూసి చెప్పు" అన్నారు. చూసి చెప్తానన్నాను. బస్సు కదిలింది.