30 రూపాయల పార్ట్ కోసం మూడు ఊళ్లు

మా చిన్నబాపుది జనగామ దగ్గర పల్లె, వడ్రంగి పని. మూడేళ్ల కింద నేనే ఆన్‌లైన్‌లో ఓ చవక కార్డ్‌లెస్ డ్రిల్ కొనిచ్చా. మొన్న దసరాకి వెళ్తే అది మూలకు పడి ఉంది. ఆయన చేతిలో మళ్లీ పాత బర్మా. రాత్రయితే భుజం నొప్పి.

"కొత్తది కొనిస్త చిన్నబాపూ" అన్నా.

"గిదే మంచిగ చేపియ్యరాదు బిడ్డా!"

జనగామలో మూడు హార్డ్‌వేర్ షాపులు తిరిగా. బిట్లు, కొత్త డ్రిల్లులు బోలెడున్నాయి, స్పేర్లు లేవు. మా డ్రిల్ మీదున్న పేరుకు సర్వీస్ సెంటరే లేదు. ఒకాయన మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు: "పేరు చూడకు తమ్మీ, లోపలి సామాను సైజు చూడు."

ఇంటికొచ్చి విప్పా. మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగి మొండి ముక్కలయ్యాయి. బ్యాటరీలో ఐదు 18650 సెల్స్. ఆ నంబరే సైజు: 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 4.2. ఐదు కలిస్తే 18, లేదా 21. అంటే డబ్బా మీద 18 అని ఉన్నా, 21 అని ఉన్నా లోపల అవే ఐదు సెల్స్ ఉండొచ్చు! మీటర్ పెడితే నాలుగు బాగానే ఉన్నాయి, ఒకటి 2.6 దగ్గర చచ్చిపోయింది. ఒక్కటి పడిపోయినా లోపలి బోర్డు మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది.

మా అక్క వాళ్లుండేది మహబూబాబాద్‌లో. మా నోట మానుకోటే. కాజీపేటలో రైలు మారి వెళ్లా. మిర్చి రైతుల స్ప్రేయర్లు బాగుచేసే షాపులో డబ్బా నిండా బ్రష్‌లు, మిక్సీలవీ గ్రైండర్లవీ. మెకానిక్ కాస్త పెద్ద జత తీసి గరుకు కాగితం మీద రుద్దాడు. "టైటుంటె ఇరుక్కుంటది, లూజుంటె నిప్పులొస్తయ్." జత 30 రూపాయలు. మోటార్ తిరిగింది! బ్యాటరీకి మాత్రం భూపాలపల్లిలో ఉన్న తన దోస్తు దగ్గరికి పొమ్మన్నాడు.

భూపాలపల్లికి రైలు లేదు. హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా వెళ్లా. సింగరేణి బొగ్గు గనుల ఊరు. అక్కడ ఆ అన్న ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు కడతాడు.

"చెడిపోయిన ఒక్కటే మార్చి సోల్డర్ చేస్తే కాదా అన్నా?" ఇంజినీర్ని కదా, సలహా ఇచ్చా.

ఆయన నవ్వాడు. సోల్డరింగ్ వేడికి సెల్ లోపల దెబ్బతింటుందట. కొత్తదాని పక్కన పాత నాలుగు ముందే అలిసిపోతాయి, మళ్లీ అదే కథ. పాత ల్యాప్‌టాప్ సెల్స్ కూడా వద్దన్నాడు. డ్రిల్ ఒక్కసారిగా లాగే కరెంట్‌కి అవి ఆగవు. ఒకే రకం కొత్తవి ఐదు పెట్టి, నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్ చేశాడు. సెల్స్‌కి 900, కూలి 200.

బ్రష్‌లతో కలిపి 1,130. కొత్త డ్రిల్ 2,200. చార్జీలు, రెండు రోజుల లీవు కలిపితే నాకు మిగిలిందేమీ లేదు. కానీ మరోసారి చెడిపోతే ఇన్ని ఊళ్లు తిరగక్కర్లేదు. బ్రష్ సైజు, సెల్ నంబర్, ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి డ్రిల్ డబ్బాకు అంటించా.

నిన్న చిన్నబాపు ఫోన్ చేశాడు. వెనకాల డ్రిల్ మోత. ఎవరింట్లోనో తలుపులకు బందులు బిగిస్తున్నాడు. "పక్కూరి వడ్లాయన నీ కాయితం ఫోటో తీస్కపోయిండు బిడ్డా. ఆయన మిషన్ గూడ గిట్లనే పండిందట!"