పుట్టిన తేదీ, ఎత్తు కొలత: అశోక్ నగర్ నుంచి నారాయణగూడ దాకా

అణువిస్ఫోటనం తరువాత ఆకాశం నుంచి రాలే రేడియోధార్మిక ధూళి పసిపిల్లల ఎదుగుదలను ఎలా దెబ్బతీస్తుందో లోకానికి స్పష్టంగా తెలిపినది పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల ఉదంతం. ఆ ఉదంతాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన శాస్త్రపాఠం, దాని నుంచి నేర్చుకోవలసిన వైద్యపద్ధతి హైదరాబాదులో నడకదూరంలోనే కనిపిస్తాయి.

అశోక్ నగర్ చౌరస్తా చుట్టూ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, మెటీరియల్ అమ్మే దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడి నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళితే, లోపల చోటు చాలక ఆవరణలోనూ పుస్తకాలు పట్టుకొని కూర్చున్న గ్రూప్స్ అభ్యర్థులు దర్శనమిస్తారు. వారు చదివే జనరల్ సైన్సులో అర్ధాయువు ఒక చిన్న అంశం. రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలమే అర్ధాయువు. అయోడిన్-131 విషయంలో అది సుమారు 8 రోజులు. మెడ ముందుభాగంలో ఉండే అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, ఎదుగుదలకు కావలసిన హార్మోను తయారీకి అయోడిన్‌ను పోగుచేసుకుంటుంది గనుక, రేడియోధార్మిక అయోడిన్‌ను కూడా అలాగే పీల్చుకుంటుంది. పసిపిల్లల గ్రంథి చాలా చిన్నది కాబట్టి, లోపలికి చేరిన అయోడిన్ అంతే అయినా, దానిపై పడే తాకిడి పెద్దలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

1954 మార్చి 1న మార్షల్ దీవుల్లోని బికినీలో అమెరికా పేల్చిన కాసిల్ బ్రావో హైడ్రోజన్ బాంబు శక్తి 15 మెగాటన్నులు, అంటే శాస్త్రజ్ఞుల అంచనాకు రెండింతలకు పైగా. అదే దీవుల్లోని రోంగెలాప్‌పై, రేడియోధార్మిక అయోడిన్ కూడా కలిసిన తెల్లటి ధూళి రాలగా, అక్కడివారిని తరలించడానికి రెండు రోజులు పట్టింది. ఆ తరువాత ఏటేటా జరిగిన వైద్యపరీక్షల్లో, అయిదేళ్లలోపు వయసులో ధూళికి గురైన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఎదుగుదల మందగించినట్టు బయటపడింది. దాదాపు ఏడాది వయసులో గురైన ఇద్దరు బాలుర అవటు గ్రంథి దాదాపు నశించి, వారి ఎత్తుతోపాటు ఎముకల పరిపక్వత కూడా బాగా వెనకబడింది. ఈ నిజం నిర్ధారణ కావడానికి ఏళ్లు పట్టింది. మొదట పిల్లల పుట్టిన తేదీలు కచ్చితంగా తెలియక వయసుకు తగ్గ ఎత్తు లెక్క తేలలేదు. ఆపైన, ఆ దీవుల వారి రక్తంలో అయోడిన్ కలిసిన ప్రోటీన్ సహజంగానే ఎక్కువగా ఉండడంతో, అప్పటి పరీక్ష హార్మోను లోపాన్ని కప్పిపుచ్చింది. 1965 నుంచి హార్మోను మాత్రలు ఇచ్చాక ఆ బాలుర ఎదుగుదల మెరుగుపడింది.

చిక్కడపల్లి దాటితే వచ్చే నారాయణగూడలో, టీకాలకూ రక్తనిధికీ పేరున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. ఆ చుట్టుపక్కల ఒక పిల్లల వైద్యశాలలో, అయిదారేళ్ల పాప చెప్పులు విప్పి ఎత్తు కొలిచే బల్లపై నిలబడగా, మడమలు, పిరుదులు, భుజాలు వెనుక పలకకు ఆనేలా నర్సు సర్ది, చూపు ఎదుటికి నిలిపించి, తలపై పలకను మెల్లగా దించి కొలత చదివింది. ఆ అంకె పుట్టిన తేదీ పక్కన ఎదుగుదల పటంపై ఒక చుక్కగా పడింది. ఒక్క చుక్క ఏమీ తేల్చదు. వరుసగా పడిన చుక్కల గీత తన దారి తప్పి కిందికి వంగినప్పుడు వైద్యుడు టీఎస్‌హెచ్ పరీక్ష రాస్తాడు. హార్మోను తగ్గినప్పుడు గ్రంథిని పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే సంకేతమే టీఎస్‌హెచ్. అది పెరిగిందంటే అవటు గ్రంథి అలసిపోతున్నదని అర్థం.

తెలుగునాట అణుధూళి రాలిన ఉదంతం లేకపోయినా, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వకం సాగుతూనే ఉంది. గనుల కాలుష్యం అణుధూళి వంటిది కాదు, దాని ప్రభావమూ వేరు; అయినా అక్కడి బిడ్డల ఆరోగ్యంపై ఎప్పుడు ఏ ప్రశ్న తలెత్తినా జవాబు చెప్పవలసినవి, ముందు నుంచీ తేదీలతో రాసి ఉంచిన కొలతలే. అంగన్‌వాడీలో మొదలైన ఎత్తు, బరువుల నమోదు బడి మారగానే చెత్తబుట్టపాలు కాకుండా, బిడ్డ వెంట పద్దెనిమిదేళ్ల దాకా నడవాలి. రోంగెలాప్ పిల్లలు ఎన్నో ఏళ్ల బాధతో నేర్పిన ఈ పాఠాన్ని ఆచరించడానికి కావలసింది ఎత్తు కొలిచే ఒక బల్ల, ఒక పుస్తకం, ఏటా విడవకుండా కొలిచే శ్రద్ధ.