సినిమా పేర్లు, విత్తనం ప్యాకెట్లు

నాట్లు అయిపోయి కాస్త తీరిక దొరికింది. అందుకే ఈసారి తెగుళ్ళు, మందులు పక్కనపెట్టి సినిమాల గురించి రాస్తున్నా. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మన సినిమాలు వేరే దేశం వెళ్తే చాలావాటికి పేర్లు మారిపోతాయి. రజనీకాంత్ 'ముత్తు' 1998లో జపాన్ వెళ్తే 'ముత్తు: నాట్యమాడే మహారాజు' అని పెట్టారు. సినిమాలో చాలాసేపు ఆయన జమీందారు గారింట్లో గుర్రబ్బండి తోలే పనివాడు! మన 'ఈగ' అదే దేశానికి 'మక్కీ' అనే హిందీ పేరుతో వెళ్ళింది. '3 ఇడియట్స్'ని చైనావాళ్ళు 'బాలీవుడ్‌లో ముగ్గురు పిచ్చోళ్ళ రచ్చ' చేశారు. ఆ కథ ఇంజనీరింగ్ కాలేజీది, బాలీవుడ్‌తో దానికేం పని?

ఇంగ్లీషు సినిమాలదీ అదే కథ. పోలెండులో 'డై హార్డ్' పేరు 'గాజు బోను'. మొదటి భాగం అద్దాల మేడలో జరుగుతుంది, సరిపోయింది. రెండో భాగం విమానాశ్రయానికి మారినా పేరు మాత్రం గాజు బోనే.

ఇది మనకేం కొత్త కాదు లెండి. మన పొలంలో బీపీటీ 5204 అంటే సాంబ మసూరి. మిల్లు దాటి బస్తాకెక్కాక దానికి ఎన్ని పేర్లో! పండించినవాడు పేరు పెట్టడు. కొనేవాడిని చూసి అమ్మేవాడు పెడతాడు.

అయితే ఒక్క పేరు దగ్గర నాకు నవ్వు రాలేదు. ఇర్ఫాన్ ఖాన్ 'హిందీ మీడియం' చూశారా? కూతుర్ని పెద్ద ఇంగ్లీషు స్కూల్లో చేర్చడానికి తల్లిదండ్రులు పడే పాట్లు. 2018లో చైనాలో దాని పేరు 'పరుగు మొదలెట్టే గీత'. పిల్లలు ఆ గీత దగ్గరే ఓడిపోకూడదని అక్కడి తల్లిదండ్రులు అనుకునే మాట ఒకటుంది. హిందీ అంటే వాళ్ళకేం తెలుసు? ఆ భయం మాత్రం బాగా తెలుసు.

మనకి తెలియదా? మా వాడిని ఇంగ్లీషు మీడియంలో వేయడానికి పాలిచ్చే గేదెని అమ్మాను. చేర్చుకునే రోజు అక్కడి మేడమ్ ముందు నన్ను ఇంగ్లీషులో ప్రశ్నలడిగింది. ఇంటర్ చదివినా నాకు నోరు పెగల్లేదు. పక్కన మావాడు నా మొహం వంకే చూస్తున్నాడు. ఆ చైనా పేరు తెలియగానే నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

అందుకే పేరు మార్చడం తప్పని నేననను. లోపలున్న సంగతి చెప్పే పేరైతే ఏ భాషలో ఉన్నా ఒకటే. లోపల లేనిది ఉందని చెప్పే పేరుతోనే చిక్కు. సినిమా అయితే టికెట్ డబ్బులు పోతాయి, అంతే. విత్తనం అయితే ఏడాది పోతుంది. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు చూసి మురిసిపోకండి. వెనక చిన్నక్షరాల్లో రకం ఏంటో, గడువు ఎప్పటిదాకానో చదవండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట చేతికొచ్చేదాకా దాచుకోండి.

మీ వైపు ఒకే రకం వడ్లకి ఎన్ని పేర్లున్నాయో కింద రాయండి. అందరం చూద్దాం.