నల్లకారు, మా అత్త చీరముక్క

మా వీధిలో తెల్లకార్లు ఏడు, బూడిదరంగువి రెండు, నల్లకారు ఒక్కటి. ఆ ఒక్కటీ మాది. తిరుపతిలో, అందులోనూ తుమ్మలగుంట పక్కన సగం మట్టిరోడ్డు ఉన్న వీధిలో కాపురం పెట్టి నల్లకారు పెట్టుకోవడమంటే ఏందో, బండి ఇంటికొచ్చిన వారానికే నాకు తెలిసొచ్చింది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు.

రంగు మేం కోరుకున్నది కాదు. మూడేళ్ళ కింద మా ఆయన సెకండ్ హ్యాండ్ బండ్లు చూస్తూ ఉంటే, మా చేతిలో ఉన్న డబ్బుకి దొరికిన మంచి బండి నల్లగా ఉంది, అంతే. అప్పటికి మా మామ పోయి ఆరు నెలలు. పాకాల దగ్గరి పల్లెలో ఒక్కతే ఉండలేక మా అత్త మా దగ్గరికి వచ్చేసింది. బండిని చూసి మొదట మొహం చిట్లించింది.

"యాడన్నా నల్లబండి కొంటారా నాయనా? అది శనిదేవుడి రంగు."

"కొండమీద సామి ఏ రంగుమా?" అన్నారు మా ఆయన.

ఆమె ఇంకేం మాట్లాడలా. కాణిపాకం పోయి బండికి పూజ చేయించుకొని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించుకొని వచ్చాం. దారి పొడుగునా ముందుసీట్లో కూర్చొని, "మీ నాయన ఉంటే ఈ సీటు ఆయనది" అనింది ఒకేసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తెల్లకారు మీద కూడా దుమ్ము అంతే పడుతుంది, గీతలు కూడా అంతే పడతాయి. కనపడవు, అంతే తేడా. గీత అంచు మీద వెలుతురు పడి చెదిరితే అది తెల్లగా మెరుస్తుంది. తెల్లదాని మీద తెల్లగీత ఎవరికి కనిపిస్తుంది? నల్లదాని మీద మాత్రం పలకమీద బలపంతో రాసినట్టే. అమెరికాలో ఫోర్డు కంపెనీవాళ్ళు 1914 నుంచి 1925 దాకా తమ మోడల్ టీ కార్లను నల్లరంగులోనే చేశారని ఎక్కడో చదివాను. ఆ కార్లు తుడిచిన ఆడవాళ్ళని ఎవరైనా పలకరించి ఉంటే బాగుండేది.

మా వీధిలో నల్లకారుకి ఇంకో శత్రువు ముగ్గుపిండి. నవ్వకండి. ఇంటి ముందర బియ్యప్పిండితో ముగ్గు వేసే రోజులు పోయి, అందరం రాతిపొడే వాడుతున్నాం. ఆషాఢం గాలికి ఎదురింటి ముగ్గు, పక్కింటి ముగ్గు, నా ముగ్గు మూడూ వచ్చి మా కారు మీదే కూర్చుంటాయి.

ఇక అసలు సంగతి. మా అత్తకి తెల్లారి నాలుగున్నరకే మెలకువ. పల్లెలో అయితే ఆ వేళకి పేడ ఎత్తడం, పాలు పితకడం, డైరీ క్యాన్ దగ్గరికి పోవడం, చేతినిండా పని. ఇక్కడ ఏముంది? ఇల్లు ఊడ్చబోతే పనమ్మాయి వస్తుంది, వంటింట్లోకి వస్తే నేనుంటాను. ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున ఆరుకి ఎట్లా ఉంటారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వచ్చిన రెండో నెల నుంచి ఆమె తన పాత నూలుచీర ఒకటి చించి, ఆ ముక్కతో రోజూ కారు తుడవడం మొదలుపెట్టింది. నీళ్ళు లేకుండా, పొడిగుడ్డతో, గుండ్రంగా గుండ్రంగా, పూజగదిలో పటాలు తుడిచినంత శ్రద్ధగా. గంటసేపు పట్టేది.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చూసి, హమ్మయ్య అనుకున్నాను. ఆ గంట వంటిల్లు నాది. అంతకు మించి నేను ఆలోచించలేదు. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

ఆ ఏడు కత్తిరి ఎండల్లో ఒక సాయంత్రం, మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. పడమటి ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడుతోంది. ఆ వెలుతురులో చూడాలి, బానెట్ నిండా, తలుపుల నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. ఎండ ఎక్కడ మెరిస్తే అక్కడ దాని చుట్టూ గుండ్రంగా కనపడతాయి. వీధి పిల్లల మీద అనుమానపడి ఆయన అరుస్తుంటే, మా అత్త బయటికొచ్చి, "పిల్లోళ్ళు దాన్ని తాకనే తాకరు నాయనా, నేను రోజూ తుడస్తానే ఉండా కదా" అనింది, మెచ్చుకుంటాడని.

"నిన్నెవరు తుడవమన్నారు? ఎవరడిగారు నిన్ను?"

వీధిలో నలుగురూ విన్నారు. ఆమె చేతిలో ఆ చీరముక్క ఉంది. దాన్ని మడిచింది. లోపలికి పోయింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. "నాకు తెలుసు, నేనే చూస్తూ ఊరుకున్నాను" అనాలి. అనలేదు.

ఆ తరవాత మూడురోజులు ఆమె భోంచేసింది, మాట్లాడింది, టీవీ చూసింది. పైకి అన్నీ మామూలే. కానీ నాలుగున్నరకి లేచి మంచం మీదే కూర్చునేది. నేను ఆరుకి లేచేదాకా అట్లాగే, చీకట్లో, చేతులు ఒళ్ళో పెట్టుకొని. నాలుగోరోజు, "ఆ పల్లెలో ఇల్లు పాడు పడిపోతాండాది పాపా, పోయి ఒక నెల ఉండొస్తా" అనింది. ఆమె బ్యాగ్ సర్దుకున్నప్పుడు పైన ఆ చీరముక్క కూడా ఉంది.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఈ గీతల సంగతి తేలిస్తే కానీ ఇది తేలదనిపించింది. మా ఆడపడుచు కొడుకు శ్రీసిటీలో కార్ల పని చేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. వాడు చెప్పిందీ, తరవాత నేను చదువుకొని తెలుసుకున్నదీ ఇది. కారు రంగు మీద క్లియర్ కోట్ అని గాజులాంటి పూత ఒకటి ఉంటుంది. దాని మందం 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకంత కూడా లేని పూతే కారుకి అందమంతా. ఇక దుమ్ము అని మనం అనుకునేదాంట్లో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో అది 7, కత్తికి వాడే ఉక్కుకన్నా ఎక్కువ. పొడిగుడ్డ ఎంత మెత్తనిదైనా, అది ఆ ఇసుకను పట్టుకొని పూత మీద ఈడ్చుకుంటూ పోతుంది. గీసేది గుడ్డ కాదు, గుడ్డ కింద ఉండే దుమ్ము. కార్లకి పడే గీతల్లో ఎక్కువ భాగం యాక్సిడెంట్ల వల్లా, పిల్లల వల్లా రావంట. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు వస్తాయంట.

పాలిష్ చేయిస్తే పోతాయి కదా అన్నాను. పోతాయి, కానీ పాలిష్ అంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పూతని అరగదీయడమే అన్నాడు వాడు. బంగారం మెరుగు పెట్టించినట్టన్నమాట. మెరుస్తుంది, తులంలో కొంచెం తగ్గుతుంది. వేలిగోరు పెట్టి లాగితే గోరు తట్టుకునేంత లోతు గీతైతే పాలిష్‌తో కూడా పోదు. ఒక షాపులో అడిగితే పాలిష్, పైన సిరామిక్ కోటింగ్ కలిపి ఇరవై వేల పైమాటే చెప్పారు. ఒద్దనుకున్నాం.

కొత్తగా ఎట్లా కడగాలో నేను అత్త దగ్గరే కూర్చొని చదివి వినిపించాను. బ్యాగ్ మంచం పక్కనే ఉంది. "ముందు నీళ్ళు పోసి మట్టి నాననివ్వాలంట అత్తా. వదులైన మట్టి నీళ్ళతోనే జారిపోవాలంట. ఆ తరవాతే చెయ్యి పెట్టాలంట" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఇది వాడు చెప్పాల్నా? ఎనుమును అట్లనే గదా కడిగేది."

"ఏంది?"

"ఎనుము బురదలో పొర్లి వస్తే, ఎండిన మట్టిని అట్లనే గడ్డితో రుద్దితే తోలు గీసుకపోతాది. కుంటలోకి దించి నాననిచ్చి, నీళ్ళు చల్లి, పైనుంచి కిందికి రుద్దాల. కాళ్ళు, తోక కడాకు. ఆ గడ్డి మళ్ళా పైన పెట్టకూడదు." కాసేపాగి అనింది, "ఇది ఇనుము, దీనికేమవుతాదిలే, బీరువా తుడిచినట్టు తుడస్తే సాలనుకొన్నా. ఇది గూడా తోలేనని నాకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. నేను అప్పుడు చెప్పాను, కిటికీలోంచి చూసిన సంగతి, ఊరకున్న సంగతి. ఆమె ఏమీ అనలేదు. "నీకు మాత్రం ఏం తెలుసులే" అనింది. అది క్షమించడమో, నన్ను తెలివితక్కువదానిగా తీసిపారేయడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ఆదివారం మా ఆయన చేత బకెట్లు మోయించింది. ఆయన క్షమించమని అడగలేదు. మా ఇళ్ళల్లో మగవాళ్ళు కొడుకులైనా అడగరు. నాలుగున్నరకే లేచి, "అమ్మా, నీళ్ళు పట్టాను, రా" అన్నారు, అంతే. బ్యాగ్ ఎప్పుడు విప్పిందో నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడిచే పద్ధతి చెప్తాను, నల్లకారు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. ఎండ రాకముందే, నీడలోనే కడగాలి. కాలిన రేకు మీద నీళ్ళు పోస్తే మనం తుడిచేలోపే ఆరిపోయి మచ్చలవుతాయి. బకెట్లు రెండు, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకొకదాంట్లో వట్టినీళ్ళు. గుడ్డని వట్టినీళ్ళలో జాడించాకే మళ్ళీ షాంపూలో ముంచాలి. గిన్నెలు తోమే లిక్విడ్ వాడొద్దు, జిడ్డుతోపాటు పైన పూసిన మైనాన్ని కూడా తీసేస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు తెచ్చుకున్నాం. అద్దాలకి పైకి ఒకటి, చక్రాలకి కిందికి ఇంకొకటి. కింద పడిన గుడ్డ ఆరోజుకి అంటరానిదే, ఉతికితే కానీ కారు మీదికి రాదు. నేను గాజులు, ఉంగరం తీసి గూట్లో పెట్టి వస్తాను. కారు కవర్ ఒకటి కొన్నాం కానీ మానేశాం. దుమ్ము మీద కవర్ కప్పితే గాలికి అది ఊగుతూ రాత్రంతా మా అత్త పాతపనే చేస్తుంది. ఈ మాట ఆమే అనింది, నవ్వుతూ.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. మా బోరు నీళ్ళు పొయ్యిమీద కాగితే గిన్నె అంచున తెల్లగా పొర కడతాయి. అవే నీళ్ళు నల్లకారు మీద ఆరితే ఒంటినిండా తెల్లచుక్కలు. చాలామంది ఫిల్టర్ నుంచి బయటికిపోయే నీళ్ళు పట్టి కారు కడుగుతారు, పొదుపని. మొక్కలకే మంచివి కావు అవి, ఉప్పంతా వాటిలోనే చేరి ఉంటుంది. కారుకి ఇంకా మచ్చలే. మాకు దొరికిన ఉపాయం ఏసీ నీళ్ళు. గాలిలో తేమ చల్లబడి కారే నీళ్ళు కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. ఎండాకాలం రాత్రంతా ఏసీ పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి ఆఖరి జాడింపుకి సరిపోతుంది. ఈ ఉపాయం నాదే, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు కానీ.

పాత గీతలు అట్లాగే ఉన్నాయి. పడమటి ఎండలో ఇప్పటికీ సాలెగూడు కనపడుతుంది. మా ఆయన సాయంత్రాలు కారుని గోడవైపు తిప్పి పెడతారు, ఎండ అటు పడేట్టు. ఎందుకని ఎవరూ అడగరు.

నిన్న పొద్దున కారు కప్పు మీద కాకి రెట్ట వేసింది. ఎండకి అది కాలితే పూతని తినేస్తుందని నేను తొందరగా గుడ్డతో గోకబోయాను. "చెయ్యి తీయ్" అని అరిచింది మా అత్త. తడిగుడ్డ ఒకటి దాని మీద పరిచి, స్టూలు వేసుకొని పక్కన కూర్చుంది. పది నిమిషాలు. పాలవాడొచ్చి, "ఏందవ్వా, కారుకి జ్వరమా, తడిగుడ్డ వేసినావు?" అన్నాడు.

"నాననీరా, నాననీ" అనింది, కారు మీంచి కళ్ళు తీయకుండా.